పాల్‌మైరా: మోర్మన్ గ్రంథం అచ్చైన ఊరు

రోచెస్టర్‌లో కారు అద్దెకు తీసుకుని తూర్పుకు బయల్దేరితే ముప్పావుగంటలో పాల్‌మైరా చేరతాం. న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ కాలువ పక్కన ఉన్న చిన్న ఊరు. బైబిలుతో పాటు మోర్మన్ సంఘంవాళ్ళు పవిత్రంగా చదివే మోర్మన్ గ్రంథం 1830లో మొదట అచ్చైంది ఇక్కడే. చూడాల్సినవి చుట్టూ నాలుగైదు మైళ్ళలో విడివిడిగా ఉన్నాయి కాబట్టి కారు తప్పదు. ఎక్కడా టికెట్టు లేదు. ప్రతిచోటా పేరుబిళ్ళ పెట్టుకున్న మోర్మన్ సేవకులు దగ్గరుండి చూపిస్తారు.

ముందు ఊరి నడిబొడ్డున కూడలిలో ఆగాం. నాలుగు మూలలా నాలుగు చర్చిలు: ప్రెస్బిటేరియన్, మెథడిస్టు, బాప్టిస్టు, ఎపిస్కోపల్. ఇప్పుడున్న కట్టడాలు, మోర్మన్ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ ఈ ఊళ్ళో ఉన్న కాలం తర్వాతివే. అయినా పద్నాలుగేళ్ళ కుర్రాడు 1820లో 'వీటిలో ఏది నిజమైన సంఘం?' అని ఎందుకు తల్లడిల్లాడో ఇక్కడ తెలుస్తుంది. ఒకే వీధిలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకోస్తు మందిరాలున్న మన కోస్తా ఊళ్ళలో పెరిగినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

ఆ ప్రశ్నతో అతను ప్రార్థనకు వెళ్ళి దేవుడి దర్శనం పొందాడని చెప్పే అడవి, స్మిత్ కుటుంబపు పొలం పక్కనే ఉంది. దాన్ని పవిత్ర వనం అంటారు. వాన పడ్డాక బాటలు బురద, పాత బూట్లు వేసుకోండి. వేసవిలో దోమల మందు తప్పనిసరి. నమ్మేవాళ్ళు ఇక్కడ గంటలకొద్దీ మౌనంగా కూర్చుంటారు. అనుమానించేవాళ్ళు మొదలుపెట్టేదీ ఇక్కడే. ఆ దర్శనం గురించి స్మిత్ చెప్పిన ముఖ్యమైన కథనాలు నాలుగున్నాయి: 1832, 1835, 1838, 1842. అతను తన చేత్తో రాసుకున్న 1832 కథనంలో ప్రభువు కనిపించాడని ఉంది; 1838 నాటి దాంట్లో తండ్రి, కుమారుడు ఇద్దరూ ఉన్నారు. కథ పెరిగిందని ఒకరంటారు, ఒకే అనుభవాన్ని వేర్వేరు సందర్భాల్లో వేర్వేరుగా చెప్పాడని ఇంకొకరంటారు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవనిదే ఏ పక్షానా మాట్లాడకూడదని నా అభిప్రాయం.

ఊరికి దక్షిణంగా నాలుగు మైళ్ళ దూరంలో కుమోరా గుట్ట. హిమానీనదం పోగుచేసిన మట్టిదిబ్బ అది, పైన 1935లో నిలిపిన మొరోనై దేవదూత విగ్రహం. మోర్మన్ గ్రంథం చెక్కి ఉన్న బంగారు రేకులను ఆ దేవదూత చూపించింది ఇక్కడేనని, 1827 సెప్టెంబరు 22న స్మిత్ వాటిని బయటికి తీశాడని విశ్వాసం. రేకుల దొంతర పొడవు, వెడల్పు, మందం సుమారు 8, 6, 6 అంగుళాలని చెబుతారు. లెక్క కట్టి చూడండి: 288 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 4.7 లీటర్లు. అది గట్టి బంగారపు దిమ్మ అయితే 90 కిలోలు దాటుతుంది. ఎత్తి చూసినవాళ్ళు చెప్పిన బరువు 40 నుంచి 60 పౌన్లు, అంటే సుమారు 18 నుంచి 27 కిలోలు. స్మిత్ ఆ రేకుల్ని ఎత్తుకుని పరుగెత్తాడని ఒక కథ ఉంది; బంగారమైతే అది అసంభవమని సందేహించేవాళ్ళు అంటారు. రేకుల మధ్య సందులుంటాయి, పైగా అది రాగి కలిసిన లోహమై ఉంటుందని నమ్మేవాళ్ళు బదులిస్తారు. రేకుల్ని చూశామని సంతకం చేసినవాళ్ళు రెండు జట్లు: ఒకదాంట్లో ముగ్గురు, ఇంకోదాంట్లో ఎనిమిదిమంది. ఆ ముగ్గురూ తర్వాత సంఘంతో తెగతెంపులు చేసుకున్నారు, ఇద్దరు తిరిగొచ్చారు. ఆ సాక్ష్యాన్ని మాత్రం ముగ్గురిలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నమ్మనివాళ్ళు కూడా తేలిగ్గా తోసెయ్యలేని విషయమిది.

సమయం తక్కువుంటే గుట్ట మానుకుని, మోర్మన్ గ్రంథం అచ్చైన గ్రాండిన్ అచ్చుకూటానికి వెళ్ళండి. పై అంతస్తులో అక్షరాల కూర్పు, అచ్చు. దాని కింద బైండింగు. నేల మీద పుస్తకాల దుకాణం. 5,000 ప్రతులకు 3,000 డాలర్లు బేరం, ఆ ముగ్గురు సాక్షుల్లో ఒకడైన మార్టిన్ హారిస్ పొలం తాకట్టు పెట్టాడు. చేతిరాత ప్రతిలో కామాలు, పుల్‌స్టాపులు దాదాపు లేవు. అక్షరాలు కూర్చిన జాన్ గిల్బర్ట్ వాటిని పెట్టుకుంటూ పోయాడు. ఒక్కో చట్రంలో 16 పేజీలు. తప్పు కనిపిస్తే యంత్రం ఆపి సరిచేసేవారు, అప్పటికే అచ్చైన కాగితాలను పారెయ్యలేదు. అందుకే 1830 ప్రతులు ఒకదానికొకటి అక్కడక్కడా తేడాగా ఉంటాయి. ప్రతి మాటా దేవుడిచ్చిందని నేర్చుకున్నవాళ్ళకు ఈ తేడాలు, 1837 నాటి సవరణలు మొదటి కుదుపు. నిజానికి చాలావరకు వ్యాకరణమే. వాటిని పట్టుకుని గ్రంథం అబద్ధమనేవాళ్ళు బలహీనమైన వాదాన్ని ఎంచుకున్నట్టు.

బలమైన వాదం బైబిల్లోని యెషయా గ్రంథం. మన తెలుగు బైబిలు చేతిలో ఉన్నా సరిచూడొచ్చు. యెషయా 48, 49 అధ్యాయాలు మోర్మన్ గ్రంథంలో మొదటి నీఫై అనే భాగంలో 20, 21గా ఉన్నాయి. దాన్ని రాశాడని గ్రంథం చెప్పే నీఫై కుటుంబం యెరూషలేము విడిచింది సుమారు క్రీ.పూ. 600లో. యెషయాలో 40వ అధ్యాయం నుంచి ఉన్నది బబులోను చెర కాలంలో, అంటే ఆ తర్వాత, రాసిందని ఎక్కువమంది పండితుల నిర్ణయం. మరి నీఫై చేతికి ఎలా వచ్చింది? పైగా ఆ మాటలు చాలావరకు 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మాటలే. ఇప్పుడు యెషయా 2:16 తియ్యండి. మన బైబిల్లో తర్షీషు ఓడలున్నాయి. పాత గ్రీకు అనువాదంలో సముద్రపు ఓడలున్నాయి. రెండవ నీఫై 12:16లో రెండూ ఉన్నాయి! గ్రీకు రాని పల్లెటూరి యువకుడికి ఇదెలా తెలుసని నమ్మేవాళ్ళు అడుగుతారు. ఆ కాలపు ఇంగ్లీషు వ్యాఖ్యానాల్లోనే ఉందని అవతలివాళ్ళు చూపిస్తారు.

ఇంత వాదం విన్నాక గైడును అడిగితే వచ్చే జవాబులో ఓడలూ లేవు, బరువులూ లేవు. గ్రంథం చివరి భాగమైన మొరోనైలో 10:4 తెరిచి చూపిస్తారు: చదివి, నిజమో కాదో దేవుణ్ణి అడగమని. అడిగినప్పుడు మనసులో కలిగిన నెమ్మదే వాళ్ళ ఆధారం. మిగతావి ఆ తర్వాత చేరినవి. పురావస్తు శాస్త్రంతో ఆ విశ్వాసం కదలకపోవడానికి కారణం ఇదే. కదిలేది వేరేచోట. స్మిత్ రేకుల మీద చూపు నిలిపి చదువుతున్నట్టు బొమ్మలు చూసి పెరిగినవాళ్ళు, టోపీలో రాయి వేసుకుని అందులోకి చూస్తూ గ్రంథాన్ని చెప్పి రాయించాడని ముప్పయ్యేళ్ళకు తెలుసుకుంటారు. సంఘమే 2015లో ఆ గోధుమరంగు రాయి ఫోటో ప్రచురించింది. స్మిత్ తర్జుమా చేశానన్న మరో పవిత్ర గ్రంథం, అబ్రాహాము గ్రంథానికి మూలమన్న పపైరస్ ముక్కలు 1967లో మ్యూజియం నుంచి సంఘానికి తిరిగొచ్చాయి; చదివితే అవి ఈజిప్టు అంత్యక్రియల పత్రాలు. రాయి కంటే, పత్రాల కంటే, 'ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు' అన్న బాధే మనుషుల్ని బయటికి నడిపిస్తుంది. అందుకే గైడుల్ని నేరుగా, మర్యాదగా అడగండి. టోపీ గురించి అడిగితే చెబుతారు.

1830 ఏప్రిల్ 6న సంఘం స్థాపించిన ఫాయెట్ ఇక్కడికి గంట లోపు దారి. రేకుల తర్జుమా ముగిసింది అక్కడి విట్మర్ పొలంలోనే. సాయంత్రం తలుపులు మూసేస్తారు, ఆదివారం వేళలు వేరు. పాల్‌మైరాలో మధ్యాహ్నంలోగా ముగించుకుని బయల్దేరాలి.