పొయ్యి ముందు నిలబడ్డా పాలు పొంగిపోయాయి

ఒక ఆదివారం ఉదయం, "పాలు పొయ్యి మీద ఉన్నాయి, కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి వంటగట్టంతా పాలు, ఇల్లంతా మాడు వాసన. మా ఆయన ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయి ఉంటే నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. ఆయన పొయ్యికి జానెడు దూరంలోనే నిలబడి ఉన్నారు. "గిన్నెవైపే చూస్తున్నాను. పొంగడం మాత్రం కనబడలేదు" అన్నారు. అబద్ధం కాదని ముఖమే చెబుతోంది. పన్నెండేళ్లుగా నిర్లక్ష్యమని నేను పేరు పెట్టుకున్నది అసలు నిర్లక్ష్యమేనా అని ఆ రోజు అనుమానం వచ్చింది.

ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. చేతిలో కాగితం ముక్క లేకుండా మూడు గంటలు పాఠం చెప్పగలరు. దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట మాత్రం గడువు ముందు రాత్రి దాకా విప్పరు. ఖాతాలో డబ్బు ఉండగానే కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది. చెడిపోయిన మిక్సీ విప్పుకుని కూర్చుంటే రాత్రి రెండైనా ఆకలి గుర్తుకు రాదు. మిక్సీ మీద ఉన్న ధ్యాస ఇంటి మీద ఎందుకు లేదని నేను దెప్పని వారం లేదు.

ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక, కుదురు లేక ఇబ్బందిపడే సమస్య, అల్లరి పిల్లలకు వచ్చేదని అనుకునేదాన్ని. పెద్దవాళ్లలోనూ ఉంటుందట. వాళ్లలో దీని లక్షణాలు చూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 18 ప్రశ్నల పత్రం ఒకటుంది. అందులో మొదటి ఆరు తొలి వడపోతకు. ఇక్కడే తప్పు చేశాను. ఆయన్ను అడగకుండా ఆ ఆరింటికీ నేనే జవాబులు రాసి, రాత్రి భోజనాల దగ్గర ముందు పెట్టాను. "నాకు పిచ్చంటావా?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. మూడు వారాలు ఆ ఊసే లేదు. తర్వాత ఒక రాత్రి ఆయనే అన్నారు: "కట్ట ముందేసుకుని కూర్చుంటాను, చెయ్యి కదలదు. బద్ధకమైతే సుఖంగా ఉండాలి కదా. నాకు సుఖంగా లేదు."

సైకియాట్రిస్టు దగ్గర తీసుకున్న మొదటి అపాయింట్‌మెంటు ఆయన మరిచిపోయారు. రెండోసారి వెళ్లినప్పుడు, ఇంతకంటే రుజువేం కావాలని నేనంటే డాక్టరుగారు నవ్వి, "మరిచిపోయేవాళ్లందరికీ ఇది ఉండదమ్మా" అన్నారు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. అడిగి తెలుసుకోవలసిందే. పన్నెండేళ్ల వయసులోపే లక్షణాలున్నాయా, కాలేజీలోనూ ఇంట్లోనూ ఇదే తీరా, నిద్ర ఎలా ఉంది, మద్యం అలవాటుందా, దిగులుగా ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగారు. గురక పెడతారా అని నన్ను అడిగారు. నిద్ర చాలకపోయినా, ఆందోళన ఎక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే కనిపించవచ్చట. థైరాయిడ్ పరీక్ష రాసి, చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్లతో మాట్లాడాలన్నారు.

తణుకులో ఉన్న అత్తయ్యకు ఫోను చేస్తే, "నా కొడుకులో లోపాలు వెతుకుతున్నావా?" అని పెట్టేశారు. పది రోజులకు ఆవిడే బస్సెక్కి వచ్చారు, చీరల మడతల మధ్య పాత ప్రోగ్రెస్ కార్డులు పెట్టుకుని. ఐదో తరగతి కార్డు మీద మాస్టారి చేతిరాత: "తెలివైనవాడు. పరధ్యానం ఎక్కువ." వానాకాలం వస్తే నెలకో గొడుగు పోగొట్టేవాడని, ప్రతి గొడుగుకూ వాళ్ల నాన్న బెత్తం తీసేవారని అత్తయ్య చెబుతుంటే మా ఆయన ఆ కార్డునే తిరగేస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆవిడే, "మీ మామయ్యగారు మాత్రం? పెళ్లికని బయలుదేరి శుభలేఖ, కట్నం కవరు ఇంట్లోనే వదిలేసేవారు" అన్నారు. ఇది కుటుంబాల్లో వచ్చేదేనని డాక్టరుగారు అప్పటికే చెప్పారు.

పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. థైరాయిడ్ బాగానే ఉంది, సైకాలజిస్టుతో ఒక విడత మిగిలింది. ఏడీహెచ్‌డీ అని తేలితే మిథైల్‌ఫెనిడేట్ గానీ అటామాక్సెటిన్ గానీ, ఏదో ఒక మందు ఆలోచిద్దామని, ముందు బీపీ, గుండె సంగతి చూడాలని అన్నారు. నా ఆశ అంతా మందు మీద లేదు.

ఈలోగా ఇంట్లో కొన్ని మార్చుకున్నాం. బిల్లులు ఖాతాలోంచి వాటంతటవే కట్టుకుపోతాయి. తాళాలకు గుమ్మం పక్కన కొక్కెం. ఫోనులో ఏడు అలారాలు పెట్టి చూశాం, ఏడూ నిద్రలోనే ఆపేశారు. బాగా పనిచేసింది నేను అస్సలు ఊహించనిది: ఆయన జవాబు పత్రాలు దిద్దుతుంటే నేను ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుక్కుంటాను. ఒక్క మాట మాట్లాడకూడదు. "ఎన్నయ్యాయి?" అన్నానంటే పెన్ను ఆగిపోతుంది. నోరు మూసుకుని ఒకరి పక్కన కూర్చోవడం నాకెంత కష్టమో మా అమ్మనడగాలి.

కోపం పోలేదు. మొన్న పాప స్కూలు దగ్గర నలభై నిమిషాలు ఒక్కతే నిలబడి ఉందని తెలిసినప్పుడు జబ్బూ గిబ్బూ ఏమీ గుర్తుకు రాలేదు, అరిచేశాను.

వంటింటి తలుపు మీద ఇప్పుడొక తెల్ల బోర్డుంది. గుర్తుచేసే పని ఇక నాది కాదని, అందులో ఆయనే రాసుకోవాలని ఒప్పందం. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సింది 17న. ఆయన పెద్ద అక్షరాలతో 18 అని రాశారు. రెండు పూటలు ఓర్చుకుని, చెప్పేశాను.