పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి, ఒక గంట తేడాతో

ఆర్‌వీలో, అంటే పడక, వంటిల్లు, బాత్రూము అన్నీ ఉన్న బండిలో తిరగడమంటే ఇల్లు వెంటేసుకుని తిరగడమే అంటారు. ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు కూడా వెంటే వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. అక్టోబరు మధ్యలో ఒక శనివారం పొద్దున్నే, ఆరిజోనాలోని పేజ్ ఊళ్లో, మా ఆయన గ్లవుజులు తొడుక్కుని ముందు బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది), తర్వాత గ్రే ట్యాంకు (సింకు నీళ్లది) ఖాళీ చేశారు. ఈ వరస తిరగబడకూడదు. గిన్నెలు కడిగిన నీళ్లు చివర్లో వస్తేనే గొట్టం కాస్త శుభ్రపడుతుంది. ఈ ముక్క బండి అద్దెకిచ్చినవాళ్లు చెప్పలేదు, పక్క బండి పెద్దాయన చెప్పాడు.

మంచినీళ్ల ట్యాంకు నింపుకుని హార్స్‌షూ బెండ్‌కి వెళ్లాం. వెయ్యి అడుగుల కింద కొలరాడో నది గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది. ఫొటోల్లో అందరూ చూసిందే. నేను అంచుకు పదడుగుల ఇవతలే ఆగిపోయాను. ఆయన ముందుకెళ్లి తొంగిచూశారు, నేను కళ్లు మూసుకున్నాను.

పన్నెండు దాటాక 98వ నంబరు రోడ్డెక్కాం. ఏళ్ల కిందట పిల్లలతో వచ్చినప్పుడు ఇక్కడ మూడు పెద్ద చిమ్నీలు కనిపించేవి, ఒక్కోటీ 775 అడుగులు. నవాహో జెనరేటింగ్ స్టేషన్ అనే కరెంటు ప్లాంటువి అవి. బ్లాక్ మెసా నుంచి కరెంటు రైల్లో బొగ్గు వచ్చేది. కొలరాడో నీళ్లను కాలువలో ఫీనిక్స్ దాకా ఎత్తిపోసే పంపులకు చాలావరకు ఈ కరెంటే వెళ్లేది. అంటే అన్నేళ్లూ ఫీనిక్స్‌లోని మా కుళాయిలో నీళ్లు రావడం వెనక ఈ పొగ కూడా ఉందన్నమాట. 2019లో ప్లాంటు మూసేశారు, మరుసటి ఏడాది డిసెంబరులో చిమ్నీలు కూల్చేశారు. ఇప్పుడక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

దారిలో పికప్ ట్రక్కులు ఎదురయ్యాయి, వెనక తెల్లటి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులతో. ఇదంతా నవాహోలనే అమెరికన్ ఆదివాసీ తెగ నేల. ఈ నవాహో నేల మీద ఇంటికి కుళాయి రాని కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. నీళ్లు ఇలా మోసుకెళ్లాల్సిందే. మేం సరదాకి 40 గ్యాలన్లు మోసుకు తిరుగుతున్నాం. ఆ ట్రక్కులు చూశాక సింకులో పంపు విప్పడానికి చెయ్యి రాలేదు.

ఇంతలో గాలి మొదలైంది. పాతికడుగుల బండి, పక్కలు గోడల్లా ఉంటాయి. గాలి కొట్టినప్పుడల్లా అవతలి లైనులోకి ఒరుగుతోంది. ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని గంటకు 45 మైళ్లు దాటనివ్వలేదు. నాకు టెన్షన్. వెనక బీరువాలో గిన్నెలు ఒకటే మోత. “ఏవండీ, ఎక్కడైనా ఆపుదామా?” అంటే, “ఆపితే నీ జీపు టూరు పోతుంది” అన్నారు. సాయంత్రం నాలుగున్నరకు మాన్యుమెంట్ వ్యాలీలో జీపు టూరు బుక్ చేసింది నేనే. లోయలోని 17 మైళ్ల మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీలను రానివ్వరు.

అయినా కయెంటాలో ఆగాం. అక్కడి బర్గర్ కింగ్‌లో ఫ్రైస్ తింటూనే నవాహో కోడ్ టాకర్ల ప్రదర్శన చూడొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో తమ భాషతోనే రహస్య సంకేతాలు అల్లినవాళ్లు. 1942లో మొదట చేరింది 29 మంది. ట్యాంకుని తాబేలు అన్నారు, జలాంతర్గామిని ఇనపచేప అన్నారు. చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడితే శిక్షించిన ప్రభుత్వమే యుద్ధంలో అదే భాష కావాలని వచ్చింది. ఆ గాజు అరల ముందు గంటసేపు ఉండిపోయాం.

నాలుగుంబావుకి చేరాం. పావుగంట ముందే వచ్చామని నేను గొప్పగా చీటీ చూపిస్తే, కౌంటరు దగ్గరి అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. అయిదుంబావు!

పదకొండేళ్లుగా ఫీనిక్స్‌లో గడియారం ముల్లు ముట్టుకోనివాళ్లం. ఆరిజోనా 1968 నుంచీ వేసవి టైము, అంటే గడియారాన్ని కొన్ని నెలలు గంట ముందుకు జరిపే పద్ధతి, పాటించదు. కానీ ఈ లోయ ఉన్న నవాహో నేల ఆరిజోనాతో పాటు యూటా, న్యూ మెక్సికోల్లోకీ పరుచుకుని ఉంది, అందుకని వాళ్లు పాటిస్తారు. వాళ్ల మధ్యలో ఉన్న హోపీ తెగవాళ్లు మళ్లీ పాటించరు. ఆయన ఫోన్ ఫీనిక్స్ టైముకే కట్టేసి ఉంది. నా ఫోన్ తనంతట తాను మారిపోయి, బ్యాగు అడుగున పడుంది. దారంతా ఆయన ఫోనునే నమ్మాం.

డబ్బు వెనక్కి రాలేదు. అరగంట ఇద్దరం మాట్లాడుకోలేదు.

బండిలోకి అడుగుపెడితే కాలికి మెత్తగా తగిలింది. బయల్దేరే ముందు కలిపిన దోసెల పిండి! ఎండకు, కుదుపులకు పొంగి మూత నెట్టేసి, సింకు కింది బీరువా తలుపు సందులోంచి కారి, కాళ్ల పట్టా మీద మడుగు కట్టింది. పుల్లటి వాసన. తుడవాలంటే నీళ్లు కావాలి. నీళ్లంటే ట్రక్కులు గుర్తొచ్చాయి. ముందు పాత పేపరుతో ఎత్తి, ఒక్క గిన్నెడు నీళ్లతో సరిపెట్టాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పేపరు అందిస్తూ, “పిండికైనా కరెక్ట్ టైము తెలుసు” అన్నారు. నవ్వొచ్చింది, కోపం సగం పోయింది.

గిన్నెలో మిగిలిన పిండితో ఆరు దోసెలు వచ్చాయి. స్టవ్ ఉన్నది బండి తలుపు దగ్గరే కాబట్టి, తలుపు తీసి ఎదురుగా మిట్టెన్ కొండలు చూస్తూ పోశాను. రెండూ నిజంగానే బొటనవేలు పక్కకి చాపిన చేతి తొడుగుల్లా ఉంటాయి. ఎండ మన వెనక నుంచి వాటి మీద పడి, బట్టీలో కాలుతున్న ఇటుక రంగుకొచ్చాయి. రెండో దోసె మాడింది. జీపులు ఒక్కొక్కటే దుమ్ము లేపుకుంటూ పైకొస్తున్నాయి. ఆవకాయ సీసా మూత ఆయనే తిప్పి తీశారు.

రాత్రి చలి ఎక్కువ, ప్రొపేన్ హీటర్ వేసుకున్నాం. కొండల వెనక నుంచి వచ్చే సూర్యుణ్ణి చూడాలని ఆరున్నరకి అలారం పెట్టాను.

“ఎవరి ఆరున్నర?” అన్నారాయన దుప్పటిలోంచి.