పద్నాలుగు తర్వాత పదిహేడు

మా ఫిజిక్స్ మాస్టారు బోర్డు ఎప్పుడూ సగమే తుడిచేవారు. ఆ శనివారం ఎడమవైపు ఓమ్ నియమం అలాగే ఉంది. కుడివైపు ఖాళీ చేసి పైన ‘ఓం’ అని రాశారు. దాని కింద ఇంగ్లీషు అక్షరం ‘వి’. వెనక బెంచీలోంచి నేను “వోల్టేజా సార్?” అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. “కాదురా, వాసన” అన్నారాయన. ఈసారి ముక్కులు మూసుకుని మరీ నవ్వాం.

నవ్వు తగ్గేదాకా ఆగి కింద మూడు వరసలు గీశారు. మొదటి వరసలో శరీరం, మనసు, బుద్ధి. రెండో వరసలో చూసేవాడు, స్పందించేవాడు, ఆలోచించేవాడు. మూడో వరసలో వస్తువులు, భావాలు, ఆలోచనలు. స్వామి చిన్మయానంద వేదాంతం చెప్పేటప్పుడు వాడిన పటం అది. వాసన అంటే మనలో పేరుకుపోయిన పాత సంస్కారమట. “సర్క్యూట్ అనుకోండిరా. పైన ‘వి’ ఎట్లా ఉంటే కింద బల్బు అట్లా వెలుగుద్ది” అన్నారు. ఓమ్ నియమం నాకు ఆ రోజే అర్థమైంది. వేదాంతం సంగతి వేరే.

అది 1993. గుంటూరు బ్రాడీపేటలో మా బడి, నేను తొమ్మిదో తరగతి. శనివారం చివరి పీరియడ్‌లో మాస్టారు గీత నేర్పేవారు. నేను చేరింది భక్తితో కాదు, ఆ టైములో డ్రిల్లు తప్పుతుందని. రెండో వారమే లేచి, “ఇవన్నీ నమ్మాలా సార్? సాధువుల్లో సగం మంది దొంగలే కదా” అని అడిగాను. చెంప పగులుద్దేమోనని పక్కవాడు ముందే కాస్త జరిగి కూర్చున్నాడు. మాస్టారు మాత్రం “చెప్తాలే” అని ఊరుకున్నారు.

ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. ఆగస్టు 3న అమెరికాలోని శాన్ డియేగోలో చిన్మయానంద పోయారు. ఆ రోజు శ్లోకం లేదు. “నువ్వడిగావే, ఆ ప్రశ్నే అడగడానికి ఒకాయన ఋషీకేశ్ పోయాడురా” అని మొదలుపెట్టారు.

ఆయన అసలు పేరు బాలకృష్ణ మీనన్. 1916లో ఎర్నాకుళంలో పుట్టాడు. లక్నో యూనివర్సిటీలో చదివాడు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళితే అక్కడ టైఫస్ జ్వరం పట్టుకుంది. ఎలాగూ చచ్చేవాడే కదా, ఆ చావు జైలు లెక్కలోకి రావడమెందుకని తెచ్చి రోడ్డు పక్కన పడేసి పోయారట. బతికాడు. తర్వాత నేషనల్ హెరాల్డ్‌లో జర్నలిస్టయ్యాడు. 1947లో, హిమాలయాల్లో ఈ సాధువులు జనాన్ని ఎట్లా బోల్తా కొట్టిస్తున్నారో బయటపెడదామని శివానంద ఆశ్రమానికి వెళ్ళాడు. “వెళ్ళినవాడు ఆ వ్యాసం మాత్రం రాయలేదు” అన్నారు మాస్టారు, నా వంకే చూస్తూ. 1949 శివరాత్రినాడు అక్కడే సన్యాసం తీసుకున్నాడు.

శివానంద ఆయన్ని ఉత్తరకాశిలో తపోవన మహరాజ్ దగ్గరికి పంపారు. ఆ గురువు పాఠం ఒక్కసారే చెప్తారట, రెండోసారి అడగకూడదట. ఇది చెప్పేటప్పుడు మాస్టారు మా అందరినీ అదోలా చూశారు. ఓమ్ నియమం మాకు నాలుగుసార్లు చెప్పిన మనిషి మరి.

1951 డిసెంబరు 31న పుణెలో ఒక వినాయకుడి గుడిలో చిన్మయానంద తొలి జ్ఞానయజ్ఞం మొదలైంది. ఉపనిషత్తులు, అదీ ఇంగ్లీషులో, అదీ అందరికీ. పండితులకు గిట్టలేదు. వచ్చినవాళ్ళు కొద్దిమందే, అయినా నూరు రోజులు చెప్పారు. రెండేళ్ళు తిరక్కుండానే మద్రాసులో చిన్మయ మిషన్ పుట్టింది. 1964లో విశ్వ హిందూ పరిషత్ మొదలైంది కూడా బొంబాయి పొవాయ్‌లోని ఆయన ఆశ్రమంలోనే. ఇది మాస్టారు చెప్పలేదు, పెద్దయ్యాక నేను చదువుకున్నాను. అడిగి ఉంటే చెప్పేవారేమో. చిన్మయానందని పూజించే మనిషిని నేను ఇప్పటికీ కాలేదు. కానీ తప్పు పట్టడానికి వెళ్ళి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి మనసు మార్చుకోగలగడం నాకు ఇంకా నచ్చుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటివాళ్ళని ఇద్దర్నో ముగ్గుర్నో చూశానంతే.

ఆ చలికాలంలోనే గీతా పఠనం పోటీ. పన్నెండో అధ్యాయం, ఇరవై శ్లోకాలు, చూడకుండా చెప్పాలి. అందులో ఒక చిక్కుంది. పద్నాలుగో శ్లోకమూ పదహారోదీ ఒకే మాటతో ముగుస్తాయి, ‘యో మద్భక్తః స మే ప్రియః’ అని. బ్రాడీపేట అడ్డరోడ్లలాగే, అన్నీ ఒకేలా కనబడి ఒక్క మలుపు తప్పితే ఇంకో లైన్లో తేలతాం. స్టేజీ మీద టెన్షన్‌లో పద్నాలుగు చెప్పి నేరుగా పదిహేడులో తేలాను. తప్పానని తెలియక గొంతు ఇంకా పెంచాను కూడా. ‘యో న హృష్యతి న ద్వేష్టి’, అంటే పొంగిపోనివాడు, ద్వేషించనివాడు. జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఫస్టు ప్రైజు లక్ష్మీపురం నుంచి వచ్చిన ఒకమ్మాయికి వెళ్ళింది. హీరో పెన్నుల పెట్టె. శంకర్ విలాస్ వంతెన ఎక్కి దిగేదాకా ఆ అమ్మాయిని తిట్టుకుంటూనే ఉన్నాను. మాస్టారు సైకిలు నడిపించుకుంటూ పక్కనే వస్తున్నారు. ఓదార్చలేదు. “న ద్వేష్టి అని అంత గట్టిగా అరిచావు కదరా” అన్నారు. అప్పుడు నవ్వు రాలేదు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్తుంటే వచ్చింది.

రెండేళ్ళ కిందట మా బ్యాచ్ వాళ్ళం నలుగురం ఆయన ఇంటికి వెళ్ళాం. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గొంతుని బట్టి గుర్తుపడుతున్నారు. నేను నమస్కారం చెప్పగానే, “పద్నాలుగు తర్వాత ఎంతరా?” అన్నారు.

“పదిహేను మాస్టారూ.”

“చెప్పు మరి.”

‘యస్మాన్నోద్విజతే లోకో’ అని అందుకున్నాను. ఒకచోట ఒత్తు తప్పితే వేలెత్తి ఆపారు, సరిచేసుకుని సాగాను. పదిహేను అయింది, పదహారూ అయింది. ఊపిరి పీల్చుకుని తర్వాతది మొదలుపెట్టబోతుంటే చెయ్యి ఊపారు.

“చాల్లే, కాఫీ తాగు. పదిహేడు నీకొచ్చు.”