కంపాస్ బాక్సులో ఆరుద్ర పురుగు

జూన్ 23, సోమవారం. రాత్రి పదిన్నర.

సాయంత్రం ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడుంబావు అయింది. చిన్నవాడి స్కూలు డైరీ టీపాయ్ మీద తెరిచి ఉంది. రోజూ నేను చెప్పులు విడవకముందే పెన్నుతో సహా ఎదురొచ్చి సంతకం పెట్టించుకునేవాడు, ఇవాళ దానిని అక్కడ వదిలేసి బాల్కనీలో తులసికుండీ పక్కన కూర్చున్నాడంటే, లోపల ఎర్ర సిరా రాత ఏదో ఉందని చదవకుండానే అర్థమైంది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు ఉన్నాయి. తరగతిలో ధ్యాస ఉండడం లేదు. పురుగులను తెచ్చి తోటి పిల్లల చదువు చెడగొడుతున్నాడు. తల్లిదండ్రులు శ్రద్ధ వహించగలరు.

పురుగులను అని బహువచనం వాడారు గానీ, తీసుకుపోయింది ఒక్కటే.

నిన్న ఆదివారం కావడంతో పరకాల దగ్గరి మా ఊరికి వెళ్లాము. శనివారం రాత్రి అక్కడ గట్టి వాన పడింది. తెల్లవారకముందే బాపు మనుమడిని లేపి చెలకకు తీసుకుపోయాడు. హనుమకొండలో ఐదూ ముప్పావుకు నాలుగుసార్లు పిలిచినా లేవనివాడు, అక్కడ ఒక్క పిలుపుకే లేచి, ముఖమైనా కడుక్కోకుండా తాత వెంట నడిచాడట. పత్తి గింజలు పెట్టి వారమైంది, మొలక సాళ్ల వెంట కనిపిస్తోంది. ఆ తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయి. పదింటికి తిరిగి వచ్చేటప్పటికి వాడి నిక్కరు మోకాళ్ల దాకా మట్టి, నాలుక నేరేడు పండ్ల రంగు, చేతిలో అగ్గిపెట్టె. అందులో గుప్పెడు మట్టి, నాలుగు పురుగులు. సాయంత్రం బస్సు ఎక్కేముందు మూడింటిని వదిలేయించాను. నాలుగోది వాడి జేబులో ఉన్నట్లు ఈ సాయంత్రం దాకా నాకు తెలియదు.

రెండో పీరియడులో అది ఊపిరి పీలుస్తున్నదో లేదో చూడడానికి కంపాస్ బాక్సు మూత తెరిచాడు. పక్క పిల్లవాడు చూశాడు, ఆ పిల్లవాడి పక్కవాడు చూశాడు, వెనక బెంచీ మొత్తం లేచి నిలబడింది. టీచరమ్మ వాడిని కొట్టలేదు, భోజనం గంట కొట్టేదాకా గోడకు ముఖం పెట్టి నిలబెట్టింది. ఆమెనూ పెద్దగా తప్పు పట్టలేను. నలభై మందిని కూర్చోబెట్టి పాఠం ముగించకపోతే ఆమె కూడా పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

బాల్కనీలో వాడి పక్కన కూర్చున్నాక, తిట్టడానికి నేను మాటలు వెతుక్కుంటుండగానే వాడే అడిగాడు: "డాడీ, పురుగులకు ఆరు కాళ్లుంటాయని మా బుక్కుల ఉంది. దీనికి ఎనిమిది ఉన్నాయి. మరి ఇది పురుగెట్ల అయితది?"

నా చిన్నతనమంతా ప్రతి ఆరుద్ర కార్తెలోనూ వీటిని అరచేతిలో ఆడించినవాడిని. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుని మఖమలు గుండీలా అయిపోవడం, కాసేపు కదలకుండా పట్టుకుంటే మెల్లగా విప్పుకుని నడవడం, ఇదంతా తెలుసు. కాళ్లు లెక్కపెట్టాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఇద్దరమూ ఫోనులో వెతికి చదివాము. వాడు చెప్పిందే నిజం. ఇది సాలెపురుగులకూ గోమార్లకూ చుట్టం, శాస్త్రం ప్రకారం కీటకం కాదు. విచిత్రమేమిటంటే గుడ్డులోంచి వచ్చినప్పుడు దీనికి ఆరు కాళ్లే ఉంటాయి, ఎదిగే క్రమంలో ఎనిమిది అవుతాయి. పసిదిగా ఉన్నప్పుడు మిడతల వంటి వాటిని పట్టుకుని వేలాడుతూ బతుకుతుంది, పెద్దదయ్యాక చెదలను తింటుంది. ఏడాదిలో చాలా భాగం నేలలోనే ఉండి, తొలకరి వానలు పడ్డాక కొద్ది రోజులు మాత్రం పైకి వస్తుంది. పాత కవులు ఇంద్రగోపమన్నది దీనినే అని చెప్తే, ఆ పేరు బాగా లేదని, ఆరుద్ర పురుగే బాగుందని వాడు తేల్చేశాడు. పురుగు కాదని నిరూపించినవాడే ఆ పేరు కావాలంటున్నాడు.

ధ్యాస లేదని రాసిన ఆ పేజీ అప్పటికీ లోపల టీపాయ్ మీద అలాగే తెరిచి ఉంది.

వాడి రోజును ఇవాళ మొదటిసారి కాగితం మీద లెక్క వేశాను. ఏడూ ఇరవైకి వ్యాను. ఎనిమిది నుంచి ఐదు దాకా బడి, అందులో చివరి గంట స్టడీ అవర్. ఆరు నుంచి ఏడు దాకా ట్యూషన్. భోజనం, చిన్న విరామం తీసేసినా తొమ్మిది గంటలు. 2009 విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలన్నది. అంటే రోజుకు నాలుగు గంటలు. అది కనీసపు లెక్కే, పైన హద్దేమీ గీయలేదు. హద్దు గీయని చోట మనం ఎంతదాకా పోగలమో నాలుగో తరగతి పిల్లవాడి టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది. ఆ బడిని వెతికి, ఫీజు కట్టి, ట్యూషన్ కూడా మాట్లాడి పెట్టింది నేనే. ఊళ్లోని ఇంటికి తాళం పడకుండా బాపునూ అమ్మనూ అక్కడే ఉంచి, మేము పట్నం వచ్చింది కూడా ఈ చదువు కోసమే.

పొద్దున ప్రార్థనలో వాళ్లు జనగణమన పాడతారు. ఆ పాట రాసిన టాగోరు చిన్నప్పుడు బడి తరువాత బడి మారి, ఎక్కడా ఇమడలేక, చివరకు బడికి పోవడమే మానేసినవాడు. 1901లో తానే శాంతినికేతనంలో ఐదుగురు పిల్లలతో బడి పెట్టి, చెట్ల కింద పాఠాలు చెప్పించాడు. 1919లో మన మదనపల్లెకు వచ్చినప్పుడే ఈ పాటను ఇంగ్లీషులోకి మార్చాడు. కాలు కదిపితే లైన్ లీడరు పేరు రాసుకునే వరుసల్లో నిలబడి, పిల్లలు రోజూ ఆయన పాటే పాడుతున్నారు. ఈ సంగతి చిన్నవాడికి చెప్పలేదు. చెప్తే రేపు టీచరమ్మకు అప్పజెప్పేస్తాడు.

నేనూ ఇదే కార్తెలో బడి ఎగ్గొట్టినవాడినే. నాలుగో ఐదో చదువుతున్నాను. బాపు నాగలి వెనక మట్టి విచ్చుకుంటూ పోతుంటే, బయటపడిన పురుగుల కోసం కొంగలు దిగుతాయి. ఆ కొంగల వెనక నేను. బాపు చూశాడు, ఎడ్లను ఆపాడు, చేతిలోని ముల్లుగర్రతో పిక్కల మీద రెండు వేసి, బడి దాకా చెలకల గుండా నడిపించుకుపోయాడు. ఆ రోజు సగం చాలు దున్నకుండానే మిగిలిపోయిందని అమ్మ తరువాత చెప్పింది. అదే బాపు ఇప్పుడు మనుమడిని ఇంకో రెండు రోజులు ఉంచిపొమ్మని నిన్న బస్టాపు దాకా బతిమిలాడుతూ వచ్చాడు.

ఎనిమిదింటికి ఫోన్ చేసి అడిగాను. నన్ను కొట్టి పంపినోడివి, వీడిని బడి మాన్పిస్తనంటవేంది అని. కాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నాడు: "నీకు సదువు రాకపోతే నా లెక్కనే అయితవని భయముండె బిడ్డా. వాడు నా లెక్క అయితడా ఇగ? వానికేం భయం?" వెంటనే, పురుగు బతికే ఉన్నదా అని అడిగాడు. మునుపు వాన వెలిస్తే చెలక ఎర్రగా కనిపించేదనీ, మందులు కొట్టడం మొదలైనప్పటి నుంచి తక్కువైపోయాయనీ, నిన్న రెండు ఎకరాలు తిరిగితే నాలుగే దొరికాయనీ చెప్పాడు. ఆ నాలుగింటిలో ఒకటి మా కంపాస్ బాక్సులో, ప్రొట్రాక్టరు కింద ఉంది.

దానిని ఎక్కడ వదలాలన్న దగ్గర పేచీ వచ్చింది. అపార్ట్‌మెంటు వెనక ఖాళీ ప్లాటు ఉంది కదా అన్నాను. అదంతా సిమెంటు పెళ్లల మట్టి అనీ, ఆదివారం తాత చెలకలోనే వదులుతాననీ మొండికేశాడు. ఆదివారం దాకా డబ్బాలో బతకదని చెప్తే కళ్లలో నీళ్లు తిప్పుకున్నాడు. చివరకు ఇద్దరమూ ఫోను లైటు వేసుకుని కిందికి దిగాము. నేను చూపించిన చోటల్లా వద్దన్నాడు. ప్లాటు మూలన పడిపోయిన తుమ్మ మొద్దు ఒకటి ఉంది. దాని మీద చెదలు కట్టిన మట్టి దారులను వేలితో గిచ్చి, లోపల తెల్లగా కదులుతున్న వాటిని చూసి, "దీనికి తిండి ఉందిక్కడ" అన్నాడు. డబ్బా అక్కడ ఒరిగించాడు. అది ముడుచుకునే ఉంది. లైటు ఆపమన్నాడు. చీకట్లో దోమలు కుడుతుంటే పది నిమిషాలు కూర్చున్నాము. మళ్లీ వెలిగించి చూసేసరికి లేదు. ఇద్దరిలో ఎవరికీ కనిపించకుండా పోయినందుకు వాడికి ఎంతో సంతోషమైంది.

పైకి వచ్చాక ఏడో ఎక్కం మూడుసార్లు, ఇంగ్లీషు కాపీ రైటింగు ఒక పేజీ మిగిలి ఉన్నాయి. ఏడారులు నలభైరెండు దగ్గర నోటుబుక్కు మీదే తల వాల్చి నిద్రపోయాడు. వాళ్లమ్మ ఎత్తుకుపోయి పడుకోబెట్టింది. గోళ్లలో ఎర్రమట్టి ఇంకా ఉంది. పొద్దున ప్రార్థనలో గోళ్లు కూడా చూస్తారు కాబట్టి, లేపకుండానే ఆమె గోళ్లు తీసింది.

డైరీ ఇప్పుడు నా ముందు ఉంది. ఎర్ర సిరా కింద తల్లిదండ్రుల జవాబు కోసం మూడు గీతలు ఉన్నాయి. ఎనిమిది కాళ్ల సంగతి రాద్దామనుకున్నాను, 800 గంటల సంగతి రాద్దామనుకున్నాను. రాస్తే రేపు నిలబడేది నేను కాదు. "శ్రద్ధ వహిస్తాము" అని రాసి సంతకం పెట్టాను. దేని మీదనో రాయడానికి ఇంకా రెండు గీతల చోటు మిగిలింది, రాయలేదు. ఐదూ ముప్పావుకు వాడిని లేపాల్సింది నేనే.