ఒక్క స్టార్ పడింది, మరిప్పుడేం చేయాలి?

గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు కింద ఒక్క స్టార్ పడగానే మన శ్రీకాకుళం, విజయనగరం వ్యాపారులు అడిగే మొదటి ప్రశ్న "దీన్ని తీయించడమెలా?" రెండోది "ఎంతవుతుంది?" రెండూ తప్పు ప్రశ్నలే. రివ్యూ అబద్ధమని మనకు తెలియడం వేరు, దాన్ని తీసేయడానికి గూగుల్ ఒప్పుకునే కారణం ఉండడం వేరు. అమ్మినవాడూ కొన్నవాడూ తగువు పడితే ఎవరి మాట నిజమో తేల్చే పని తాము పెట్టుకోమని గూగుల్ ముందే చెప్పేసింది. "కూర ఉప్పగా ఉంది" అన్నది వట్టి మాటే అయినా అది అభిప్రాయం కిందకే వస్తుంది, అక్కడే ఉంటుంది. అందుకే చాలా రివ్యూల విషయంలో మన చేతిలో ఉన్నది జవాబు ఒక్కటే. ఆ జవాబు రివ్యూ రాసినవాడి కోసం కాదు, రేపు మన కొట్టుకి రావాలా వద్దా అని ఫోన్ పట్టుకుని చూసేవాడి కోసం.

జవాబివ్వాలంటే ప్రొఫైల్, అంటే గూగుల్‌లో మన కొట్టు పేజీ, మన చేతిలో ఉండాలి. చాలా కొట్లకు పేజీ పెట్టింది ఎప్పుడో మానేసిన పనివాడో, బోర్డు వేసిన కుర్రాడో అయి ఉంటారు. యజమాని పేరు మీద ఇంకా ఎవరూ తీసుకోకపోతే మ్యాప్స్‌లోనే "ఈ వ్యాపారం మీదేనా" అన్న అర్థంతో ఒక మీట కనిపిస్తుంది. ధ్రువీకరణకు ఈమధ్య వీడియో అడగడం ఎక్కువైంది. వీధి, బోర్డు, లోపలి సరుకు, ఆపైన తాళం తీయడమో బిల్లింగ్ కౌంటరు తెరవడమో, అన్నీ మధ్యలో కత్తిరించకుండా ఒకే వీడియోలో తీయాలి. బోర్డు కనిపించకపోతే తిప్పి పంపుతారు.

రివ్యూ చూసిన వెంటనే చేయాల్సింది స్క్రీన్‌షాట్. రాసిన పేరు, మాటలు, ఫొటోలు అన్నీ పడాలి, ఎందుకంటే రాసినవాళ్లు వాటిని తర్వాత మార్చుకోవచ్చు. తర్వాత వాళ్ల పేరు మీద నొక్కండి. దాచుకోకపోతే మిగతా చోట్ల ఏం రాశారో కనిపిస్తుంది. టెక్కలి పెట్రోలు బంకు, అరసవల్లి గుడి, ఆమదాలవలస టిఫిన్ సెంటరు ఉంటే మన చుట్టుపక్కల మనిషే. సూరత్‌లో పళ్ల డాక్టరుకీ, కొచ్చిలో రిసార్టుకీ, మనకీ కలిపి ఒకే వారంలో ఒక్కో స్టార్ వేసి ఉంటే సంగతి వేరు. ఇక బిల్లు పుస్తకం, ఫోన్‌పే లావాదేవీలు, పార్సిల్ స్లిప్పులు తిరగేయాలి. గూగుల్ "2 వారాల క్రితం" అని ఉజ్జాయింపుగా చెబుతుంది, జనం కొన్న రోజే రాయరు, కాబట్టి వెనక్కి ఇంకో వారం చూడాలి. గూగుల్‌లో పేరు, యూపీఐలో పేరు కలవకపోవచ్చు. పేరు కంటే వస్తువును బట్టి, మొత్తాన్ని బట్టి వెతికితే త్వరగా దొరుకుతుంది.

పొరపాటున పడేవి మన దగ్గర తక్కువేం కాదు. శ్రీకాకుళంలో సూర్యనారాయణస్వామి పేరు, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకున్న కొట్లు వీధికొకటి. స్వీట్ల కొట్టు మీద కోపం అదే పేరున్న చెప్పుల కొట్టు కింద తేలుతుంది. శ్రీకాకుళం రోడ్ అని పేరున్న రైల్వే స్టేషన్ ఆమదాలవలసలో ఉందని బయటివాళ్లకు తెలియదు. ఊళ్లో ఉన్న లాడ్జి "స్టేషన్‌కి దగ్గర" అని రాసుకుంటే, రాత్రి రైలు దిగి ఆటో ఎక్కినవాడు ఆ కోపం ఎక్కడ తీర్చుకుంటాడో చెప్పక్కర్లేదు. అది పొరపాటు రివ్యూ అనడానికి కూడా లేదు, తప్పు మన పేజీదే. రథసప్తమికి అరసవల్లికి, సిరిమానోత్సవానికి విజయనగరానికి వచ్చేవాళ్లు మ్యాప్‌లోని వేళలు చూసుకుని వస్తారు. ఆ రోజు షట్టర్ మూసి ఉంటే "పర్మనెంట్‌గా మూసేశారు, ఫేక్" అని పడుతుంది. ప్రొఫైల్‌లో ప్రత్యేక వేళలు అని విడిగా ఉంటుంది, పండుగ తేదీకి ముందే అక్కడ నింపేయాలి. పేరు గందరగోళం తప్పించడానికి ప్రొఫైల్ పేరు పక్కన "ఏడు రోడ్ల జంక్షన్, బెస్ట్ స్వీట్స్" లాంటివి తగిలించకండి. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నిబంధన, దాటితే ప్రొఫైల్‌నే ఆపేయవచ్చు. గుర్తులు వివరణలో రాయండి, బోర్డు ఫొటోను కవర్‌గా పెట్టండి.

ఇంకో రకం చూస్తే నవ్వొస్తుంది. "చాలా బాగుంది, నంబర్ వన్" అని రాసి ఒక్క స్టారే ఇస్తారు. ఒకటో ర్యాంకు అనుకుంటారు పాపం. వాళ్లకు ఇలా రాస్తే చాలు: "చాలా సంతోషమండి. మీరు ఒక్క స్టార్ నొక్కారు, గూగుల్‌లో అది అన్నిటికంటే తక్కువ. మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్‌లో రివ్యూలు తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే మార్చుకోవచ్చు." యజమాని జవాబిస్తే రాసినవారికి కబురు వెళుతుంది గనుక చాలామంది మారుస్తారు.

వేరే కొట్టు అనుకుని రాసినవారికి: "నమస్కారమండి. మీరు రాసిన చికెన్ బిర్యానీ మా దగ్గర లేదు, మాది శాకాహార భోజనం మాత్రమే. ఇదే పేరుతో ఇంకో హోటల్ ఉంది, అక్కడ తిన్నారేమో ఒకసారి చూడండి. మాదే అనిపిస్తే బిల్లు ఫొటోతో పేజీలోని నంబరుకు ఫోన్ చేయండి." ఇంతే. ఆ రెండో హోటల్‌ను వెక్కిరించే మాట ఒక్కటీ వద్దు.

అసలు చిక్కు సగం నిజం ఉన్న రివ్యూతో. పొందూరు ఖద్దరు కొన్నవారు "నూలు ఎగుడుదిగుడుగా ఉంది, డిఫెక్ట్ పీసు అంటగట్టారు" అని రాశారనుకోండి. చేతితో వడికిన నూలు మిల్లు నూలులా ఒకే మందంలో ఉండదు, అది లోపం కాదు. ఈ సంగతి పాఠం చెప్పినట్టు కాకుండా చెప్పాలి: "చేత్తో వడికిన నూలుకి ఆ తేడా సహజమండి, కొనేటప్పుడే మేము చెప్పి ఉండాల్సింది. చిరుగు, కన్నం, మరక ఏదైనా ఉంటే తెచ్చివ్వండి, మారుస్తాం." పలాస జీడిపప్పులో ఇంకా ఎక్కువ. బద్దలు కొన్నవారు గుండు రాలేదని రాస్తారు. డబ్ల్యూ 320 అనే గుండు రకం అంటే పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు. డబ్ల్యూ 240 గింజ పెద్దది, పౌనుకి తక్కువ తూగుతాయి. ఇవి ప్యాకెట్ మీద, పేజీలో ముందే రాసి ఉంటే జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. రాసి లేకపోతే కొన్నవారి తప్పు ఎంతో తేల్చడం కష్టం, అక్కడ వాదించకపోవడమే మేలు.

జవాబులో రాయకూడనివి కొన్ని ఉన్నాయి. కొన్నవారి ఫోన్ నంబరు, బిల్లు ఫొటో, "మీరు గంటసేపు బేరమాడారు" లాంటివి వద్దు. క్లినిక్‌లు, ల్యాబులు అయితే వచ్చినవారు తమ రోగి అవునని కూడా బయటపెట్టకూడదు. అన్నిటి కిందా ఒకే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అతికించడం దండగ, నాలుగోది చదివేసరికి చూసేవాడికి అర్థమైపోతుంది. మూడు నాలుగు వాక్యాలు చాలు. కోపంలో రాసింది తెల్లారేదాకా ఫోన్‌లోనే ఉంచండి.

ఇక రిపోర్టు. రివ్యూ పక్కన మూడు చుక్కల్లోనే ఉంటుంది, కారణం ఒక్కటే ఎంచుకోవాలి. పోటీ కొట్టువాడో, మానేసిన పనివాడో రాస్తే ప్రయోజనాల సంఘర్షణ. కొట్టుతో సంబంధం లేని రాజకీయం, కులం, ఇంటి గొడవ రాస్తే అంశానికి సంబంధం లేనిది. బూతులకు, బెదిరింపులకు, వ్యక్తిగత వివరాలకు వేరువేరు కారణాలున్నాయి. "ఉపయోగకరంగా లేదు" అన్నదాన్ని ఎంచుకుంటే ఏమీ జరగదు. యజమాని ఖాతాతోనే రిపోర్టు చేయండి, అప్పుడే రివ్యూల నిర్వహణ పేజీలో అది ఎక్కడుందో చూసుకోగలరు. కొన్ని రోజులు పడుతుంది. నిబంధన ఉల్లంఘన లేదని తేలిస్తే అప్పీలు ఒక్కసారే, అందుకని అందులో "మాకు నష్టం" అని కాకుండా ఏ నిబంధన ఎలా తగిలిందో రాయాలి. బంధువులందరి ఫోన్లతో నొక్కించడం వృథా, చూసేది నిబంధనను గానీ లెక్కను కాదు.

రాత్రికి రాత్రి పాతిక ఒక్క స్టార్లు పడి, పొద్దున్నే వాట్సాప్‌లో "డబ్బిస్తే తీసేస్తాం" అని వస్తే అది రివ్యూ కాదు, బెదిరించి గుంజుకోవడం. జవాబివ్వకండి, పైసా పంపకండి. మెసేజీలు, నంబరు, రివ్యూలు స్క్రీన్‌షాట్ తీసి, ఇలాంటి వాటికోసం గూగుల్ వ్యాపారులకిచ్చిన ఫారంలో పెట్టండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తీయించి పెడతామని వేలు అడిగే ఏజెన్సీలు కూడా మీరు నొక్కగలిగిన మీటలే నొక్కుతాయి. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది, కోర్టుకు వెళ్లవచ్చు. కానీ మామూలు అసంతృప్తికి లాయర్ నోటీసు పంపితే ఆ నోటీసు ఫొటోయే రెండో రివ్యూ అవుతుంది.

సగటు ఎంత పడిపోతుందో లెక్క వేసుకుంటే సగం భయం పోతుంది. సగటు 4.5 ఉన్నప్పుడు ఒక్క స్టార్ పడితే 3.5 లోటు, ఒక్కో అయిదు స్టార్ అరను పూడుస్తుంది. అంటే ఏడు కావాలి. రివ్యూలు 10 ఉన్నా 200 ఉన్నా అదే ఏడు. తేడా కనిపించేదాంట్లోనే: 10 ఉంటే 4.2కి పడిపోతుంది, 40 ఉంటే 4.4, 200 ఉంటే 4.5గానే కనిపిస్తుంది. ఆ ఏడు తెచ్చుకోవడానికి ప్రొఫైల్ ఇచ్చే లింకును క్యూఆర్‌గా అచ్చేయించి కౌంటరు మీద పెట్టండి, కొన్న ప్రతివారినీ అడగండి. రివ్యూకి బదులు డిస్కౌంటు, మిఠాయి పొట్లం ఇవ్వడం నిషేధం. మెచ్చుకున్నవాళ్లనే ఏరి అడగడమూ నిషేధమే. కొట్లో ఒకే ఫోన్ తిప్పి అందరిచేత రాయిస్తే గూగుల్ వడపోతలో పోతాయి, ఒక్కోసారి నిజమైనవి కూడా వాటితో కొట్టుకుపోతాయి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. రాసినవారు మనసు మార్చుకుని ఒక్క స్టార్‌ను అయిదు చేసినా, కింద మన పాత జవాబు అలాగే ఉంటుంది. "భోజనం బాగుంది" అన్న మాట కింద "వేరే హోటల్లో తిన్నారేమో" అని కనిపిస్తే చదివేవాడు తికమకపడతాడు. వెంటనే జవాబు తెరిచి, పాతది చెరిపి, రెండు ముక్కల్లో ధన్యవాదాలు చెప్పండి.