వార్డులోనే మొదలు కావలసిన ఆట

వెన్నుపాము గాయాలతో హైదరాబాద్ పునరావాస వార్డుల్లో నెలల తరబడి ఉండే పిల్లలకు ఆటను డిశ్చార్జి తరువాతి సంగతిగా కాక, చికిత్సలో భాగంగానే పరిచయం చేయాలని ఫిజియోథెరపిస్టుగా గట్టిగా నమ్ముతాను. 1948లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 16 మందితో విలువిద్య పోటీ నిర్వహించారు. పారాలింపిక్స్‌కు మూలం అదే.

మేము బోచాతో మొదలుపెడతాం. తెల్లబంతికి వీలైనంత దగ్గరగా తమ బంతిని చేర్చడమే ఆట కనుక, వేళ్లలో పట్టు లేనివారు సైతం వాలుబల్ల మీదుగా బంతిని వదలగలరు. కాసేపు కూర్చోబెడితేనే పడుకోబెట్టమనే ఒక ఇంటర్ కుర్రవాడు, "సార్, ఇంకొక్క ఆట" అంటూ, బంతి దొర్లే వైపు తనంతట తానే నడుము వంచి చూశాడు. అన్నాళ్లుగా మేము కోరిన వ్యాయామం సరిగ్గా అదే! అయితే ఒకే భంగిమలో ఎక్కువసేపు కూర్చుంటే చర్మంపై వచ్చే ఒత్తిడి పుండ్లు రాకుండా, ఆట మధ్యలో కుర్చీలో బరువు అటూ ఇటూ మార్పించడం తప్పనిసరి.