నడుమును టేపుతో కొలిచి ఉంటే

నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు, ఎత్తుకు తగ్గ బరువేనా అని చూపే బీఎంఐ 23 లోపే. ఏటా జరిగే పరీక్షల్లో ఆ అంకెలు చూసి ‘నార్మల్’ అని రాసిచ్చేవారు. గుంటూరులో పాఠాలు చెప్పుకుంటున్న నన్ను మృత్యువు అంత దగ్గరగా పలకరిస్తుందని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

ఆ రాత్రి భోజనమయ్యాక పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకి, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఊపిరి తీసుకోలేని స్థితికి తెచ్చింది. క్యాజువాల్టీలో అది క్లోమం వాపని తేలగానే, డ్యూటీ డాక్టరు మా మామయ్యగారి ఎదుటే “రోజుకెంత తాగుతారు?” అని అడిగాడు. తాగనని చెబితే “అందరూ అలాగే అంటారు” అన్నాడు. ఏనాడూ మద్యం ముట్టని మనిషిని, నొప్పితో మెలికలు తిరుగుతున్న వేళ, అబద్ధాలకోరును చేసిన ఆ మాటను నేటికీ క్షమించలేకపోతున్నాను. నన్ను కాపాడింది ఒక నర్సమ్మ. తీసిన రక్తం కాసేపు నిలిచేసరికి ట్యూబులో పైన పాలవంటి తెల్లని పొర తేలింది. ఆమె దానిని లైటుకెత్తి చూసి, పరుగున వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించింది. రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 150 లోపు ఉండవలసిన ట్రైగ్లిజరైడ్లు 1,400 దాటాయి. క్లోమం వాపుకు కారణం మద్యం కాదు, అదే. అంతవరకు బయటపడని మధుమేహమూ తోడైంది. ఆ తల్లికి నా నమస్కారం.

ఐసీయూ, సెలైన్లు, ఇన్సులిన్ గడిచిపోయాయి. ఆ తరువాత చూసిన ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు) చొక్కా పైకెత్తమని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టి, నేను మామూలుగా ఊపిరి వదిలాక చదివారు: 95. మన దేశంలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తులో సగానికి మించరాదన్న లెక్కలో నాకు హద్దు 84. నా ప్యాంటు 34 అంగుళాలే కదా అంటే, బెల్టు పొట్ట కిందికి జారి ఉంటుంది గనుక ఆ కొలతను నమ్మరాదన్నారు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి వెలువడే ఫ్యాటీ ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి, ఇన్సులిన్ పనిని దెబ్బతీసి, ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయట. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపారు: ఇద్దరి బీఎంఐ 22.3 అయినా, కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇంత తెలిసిన దేశంలో ఏటా తూకం వేసినవారిలో ఒక్కరైనా టేపు ఎందుకు తీయలేదన్న కోపం నాకింకా చల్లారలేదు.

మందులు, సాయంత్రపు నడక, తగ్గించిన అన్నం కలిసి నడుమును 88కి దించాయి, ఇంకా తగ్గాలి. మా ఆవిడ మొక్కుకున్నట్టే కోటప్పకొండ వెళ్ళి త్రికోటేశ్వరుణ్ణి దర్శించుకున్నాం. సన్నగా ఉన్నామని ధైర్యంగా ఉన్నవారు దయచేసి ఒకసారి టేపు చుట్టి చూసుకోండి. పురుషులకు 90, స్త్రీలకు 80 దాటితే పరగడుపున షుగరు, ట్రైగ్లిజరైడ్లు, బీపీ పరీక్షలు చేయించమని మీరే అడగండి. బరువు ఎన్నడూ పెరగని మా ఆవిడ నడుము 86 వచ్చింది. సోమవారం ఆమెకు ఆ పరీక్షలు చేయిస్తున్నాను.